ఎవరికి ఏ ఎముక

"ఆ డబ్బా వంటింట్లో ఉండడానికి వీల్లేదని నాలుగు రోజులుగా చెబుతున్నాను," అంది ఊల్కాన్, పిండిముద్దని బల్లకేసి కొడుతూ.

"ఫ్రిజ్ మీద తప్ప ఇంకెక్కడ పెట్టినా సిగ్నల్ సరిగ్గా అందదని నేనూ నాలుగు రోజులుగా చెబుతున్నాను అత్తయ్యా," అంది కోడలు బెగిమాయ్, బజారుకి సంచులు వెతుక్కుంటూ.

"రాత్రనక పగలనక ఆ పచ్చకన్ను ఆర్పుతూనే ఉంటుంది. నేను ఉల్లిపాయలు తరిగితే చూస్తుంది. ఉప్పు వేస్తే చూస్తుంది."

"అది కన్ను కాదు అత్తయ్యా, దీపం. కరెంటు ఉందని చెబుతుంది."

"కరెంటు ఉందో లేదో నా వంటింట్లో నాకు తెలీదా?"

డబ్బా అంటే సబ్బుపెట్టె అంత ఉంటుంది. దానిలో ఒక చిన్న సర్వరు ఉంది. కొండల మధ్య సరస్సు దగ్గరున్న కరాకోల్ ఊరికి వచ్చే యాత్రికుల కోసం ఇళ్ళల్లో గదులు అద్దెకిచ్చేవాళ్ళకి బెగిమాయ్ వెబ్ పేజీలు తయారుచేసి ఇస్తుంది. వాటిని ముందు ఈ డబ్బాలో పెట్టి చూసుకుంటుంది. ఇప్పుడు అందులో ఇంటి పేజీ ఒకటి ఉంది. శనివారం మామగారు సగిన్‌బాయ్‌కి డెబ్భై ఏళ్ళు నిండుతాయి. పెరట్లో రెండు గుడారాలు, మూడు గొర్రెలు, అరవై మంది బంధువులు. బంధువు తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచి పేరు కొడితే, ఏ గుడారంలో ఏ బల్ల దగ్గర ఎన్ని గంటలకు కూర్చోవాలో చెబుతుంది. అంతవరకే బంధువులకి కనిపిస్తుంది.

కనిపించనిది ఇంకోటి ఉంది. ఎవరికి ఏ ఎముక, దాని మాంసంతో సహా, వడ్డించాలన్నది. ఆ లెక్క తప్పితే విందు తప్పినట్టే. తల ఎవరికి, తుంటి ఎముక ఏ ముసలాయనకి, తోకెముక ఏ పెద్దావిడకి అన్నది వయసును బట్టి, వరసను బట్టి ఉంటుంది. ఆ వరస ఈ ఇంట్లో ఊల్కాన్‌కి తప్ప ఎవరికీ పూర్తిగా రాదు. అందుకని కిందటి వారం ఆవిడ పిండి పిసుకుతూ చెప్పింది, బెగిమాయ్ పేజీలోనే రాసుకుంది.

"పేజీలో రాస్తే అందరూ చదవరూ?" అని ఊల్కాన్ అప్పుడే అనుమానపడింది.

"చదవరు అత్తయ్యా. ఇవిగో, ఈ బాణం ములుకుల్లాంటి గుర్తులున్నాయే, వీటి మధ్యలో రాసినదాన్ని స్క్రిప్టు అంటారు. దాన్ని సర్వరు ఎవరికీ చూపించదు. అది చెప్పిన పని చేసి, ఫలితం ఒక్కటే పేజీలో పెట్టి పంపుతుంది. వంట లోపల, పళ్ళెం బయట. ఎముకల చిట్టా, మాంసం కోసేటప్పుడు, మీ అబ్బాయి ఫోన్‌లో మాత్రమే వస్తుంది. మీరు కారణాలు కూడా చెప్పండి, పక్కన రాసిపెట్టుకుంటే రేపు నేను మర్చిపోయినా తప్పు జరగదు."

కారణాలు చెప్పమంటే ఊల్కాన్‌కి గంట చాలలేదు.

ఇందులో చిక్కు ఒకటి వచ్చింది. అత్తవారి వైపు పెద్దల పేర్లు కోడలు నోటితో పలకకూడదు. పలకనిదాన్ని వేలితో మాత్రం ఎలా కొడుతుంది? బెగిమాయ్ భర్త తిలెక్ పేర్లన్నీ వేరే ఫైలులో వరసగా రాసిచ్చాడు. బెగిమాయ్ మాత్రం స్క్రిప్టులో పేరు ఉండాల్సిన చోటల్లా అత్తగారు ఆ మనిషి గురించి అన్న మాటనే పెట్టింది. అది మర్యాద అనే అనుకుంది.

"నేను బజారుకెళ్ళి వస్తాను. ఆ డబ్బాని ముట్టుకోకండి అత్తయ్యా," అని చెప్పి వెళ్ళింది.

ముట్టుకోవాలని ఊల్కాన్‌కి ఏ కోశానా లేదు. కాని మాంసం గ్రైండర్ తీగ పొట్టిది. ఫ్రిజ్ పక్కనున్న ప్లగ్గుకి తప్ప అందదు. ఆవిడ డబ్బా ప్లగ్గు పీకి, గ్రైండర్ పెట్టుకుని, సమోసాల్లోకి మాంసం ఆడించుకుని, మళ్ళీ డబ్బా ప్లగ్గు ఎక్కడిదక్కడ గుచ్చేసింది. పచ్చదీపం వెలిగింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని చేతులు కడుక్కుంది.

పావుగంటకి ఫోన్ మోగింది. ఊల్కాన్‌ది నొక్కే మీటల పాత ఫోన్. అవతల కనిమ్‌బూ, సగిన్‌బాయ్ పినతండ్రి కొడుకు భార్య.

"ఏం అక్కా, బాగున్నావా?" అంది కనిమ్‌బూ. గొంతులో తేనె మరీ ఎక్కువైంది. "టీ చల్లారేలోగా ముగ్గురి పరువు తీసే ఆవిడ ఒకావిడ ఉందట కదా మన బంధువుల్లో. ఎవరంటావు?"

ఊల్కాన్ చేతిలోని గరిటె జారి సింకులో పడింది. ఆ మాట ఆవిడదే. పోయిన వారం ఈ బల్ల దగ్గరే అంది. అది కనిమ్‌బూ గురించే.

"నాకేం తెలుసు? ఎవరన్నారు నీతో?"

"ఎవరన్నారో అడక్కు అక్కా. గోడలకి చెవులుంటాయి. ఉంటాను మరి, నా టీ చల్లారిపోతోంది."

ఊల్కాన్ ఫోన్ పెట్టి చుట్టూ చూసింది. గోడలకి చెవుల్లేవు. తను పెళ్ళయి వచ్చిన ఏడాది తనే సున్నం వేసిన గోడలవి. వంటింట్లో కొత్తగా వచ్చింది ఒక్కటే. ఆవిడ తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి ఫ్రిజ్ మీదికి చూసింది. పచ్చకన్ను టపటపలాడింది.

మళ్ళీ ఫోన్. ఈసారి అసనాలి. వరసకి మరిది, గొంతు పెద్దది.

"వదినా! దీవెన చదవకముందే పళ్ళెంలో చెయ్యి పెట్టేవాణ్ణా నేను? మూడు పక్కటెముకలు నా మొహాన పడేస్తే చాలా?"

"అయ్యో, నువ్వు కాదయ్యా!" ఊల్కాన్ కంగారుగా అనేసింది. "అది కనిమ్‌బూ మొగుడు!"

అన్న మాటని ఊల్కాన్ వెనక్కి మింగాలని చూసింది గాని, అది అప్పటికే ఊరు దాటింది.

"అలాగా," అన్నాడు అసనాలి మెల్లగా. "మరి నేనెవర్ని వదినా?"

"నువ్వా? నువ్వు... నీకేం, నువ్వు మంచివాడివి. నీ దాంట్లో గుర్రం తప్ప ఏమీ లేదు."

"గుర్రమా? అంటే ముప్పై ఏళ్ళ కిందట పందెంలో తన గుర్రం గెలిస్తే ఈనాటికీ తనే పరిగెత్తినట్టు చెప్పుకునేవాడు... అది నేనా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఇక్కడ దొంగల పేర్లు లేకపోవడం వల్ల కరాకోల్ నుంచి సరస్సు ఒడ్డు దాకా బంధువులందరూ ఒకేసారి భుజాలు తడుముకుంటున్నారు. మరో అరగంటలో ఇంకో ఇద్దరు మగవాళ్ళు ఫోన్ చేసి, దీవెనకి ముందు చెయ్యి పెట్టేవాడు తామేనా అని విడివిడిగా అడిగారు. ఊల్కాన్ ఇద్దరికీ కాదని చెప్పింది. మరి మేమెవరం అని ఇద్దరూ అడిగారు. శనివారం తమకి వీలు కాదేమోనని ఇద్దరూ అన్నారు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. తన మాటలే, అక్షరం పొల్లుపోకుండా, ఊరి మీదికి ఎలా వెళ్ళాయి? కోడలు చెప్పిందా? కోడలు అలాంటిది కాదు. కాని ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు? లేకపోతే ఆ డబ్బానే ఇన్నాళ్ళూ విని, దాచిపెట్టుకుని, ఇవాళ కక్కిందా? పరీక్షించి చూడాలి.

ఊల్కాన్ ఫ్రిజ్ ముందు నిలబడి గొంతు సవరించుకుంది. "కనిమ్‌బూ మొగుడంత ఓపిగ్గా తినేవాడు ఈ జిల్లాలోనే లేడు," అంది గట్టిగా. "దీవెన అయ్యాక కూడా పెద్దలు మొదలుపెట్టేదాకా ఆగుతాడు. నిండుకుండ." అని కూర్చుని గడియారం చూడసాగింది.

ఏడు నిమిషాలకి ఫోన్ మోగింది.

"మా ఆయన తిండి గురించి ఏమన్నావట అక్కా?" కనిమ్‌బూ గొంతులో ఇప్పుడు తేనె లేదు. "అసనాలి చెప్పాడులే. మా ఇంటాయన ఆకలికి అంత తాళలేనివాడా? మేం శనివారం రాము. పస్తుంటాం."

ఇక సందేహం లేదు. ఆ డబ్బా వింటోంది. వినడమే కాదు, పొగడ్త ఇస్తే తిట్టుగా మార్చి చేరవేస్తోంది. పైగా అసనాలిని కూడా తన వైపు తిప్పుకుంది.

ఆవిడ చప్పుడు చెయ్యకుండా లేచి, మేకుకి తగిలించిన భర్త తెల్లటి ఉన్ని టోపీ తీసి, డబ్బా మీద బోర్లించింది. చాలదని దాని మీద ఒక పరుపు కప్పింది. మునివేళ్ళ మీద నడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి, గొర్రెలకి గడ్డి వేస్తున్న సగిన్‌బాయ్ చెవి దగ్గర గుసగుసగా అంతా చెప్పింది.

సగిన్‌బాయ్ మాట తక్కువ మనిషి. గడ్డి పరక ఒకటి నములుతూ విన్నాడు.

"మా అక్క ఫోన్ చేసిందా?" అన్నాడు.

"లేదు."

"ఊఁ," అన్నాడు. చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

ఊల్కాన్‌కి అసలు భయం అప్పుడు పట్టుకుంది. మిగతావాళ్ళు అలిగితే వేరు. బాత్మా వదిన సంగతి వేరు. డెబ్భై ఆరేళ్ళ ఆడపడుచు. నాలుగేళ్ళ కిందట తిలెక్ పెళ్ళివిందులో, అందరిలోకీ పెద్దావిడకి, తోకెముక ఉండాల్సిన పళ్ళెంలో వట్టి వెన్నుపూస వచ్చింది. వెన్నుపూస అంటే చిన్నపిల్లలకి పెట్టేది. బాత్మా దాన్ని ముట్టుకోలేదు, గొడవా పడలేదు. పళ్ళెం పక్కకి జరిపి, లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కలేదు. తమ్ముడు, కొడుకు పెళ్ళిలో, కావాలనే తనని చిన్నబుచ్చాడని ఆవిడ అనుమానం. అక్క పక్కన లేని డెబ్భయ్యో పుట్టినరోజు తనకి అక్కర్లేదని సగిన్‌బాయ్ ఎవరితోనూ అనలేదు గాని, మూడుసార్లు వెళ్ళి బతిమాలాడు. మూడోసారి బాత్మా "చూస్తాను" అంది. ఆ ఒక్క మాట మీదే ఈ విందంతా నిలబడి ఉంది.

బాత్మా గురించి తను ఏం చెప్పిందో గుర్తుచేసుకోవాలని ఊల్కాన్ చూసింది. "మొహం ముడుచుకుంటుంది" అన్నట్టు గుర్తు. ఆ తర్వాత ఇంకేదో అంది. ఏమందో గుర్తు రాలేదు. అంతసేపు మాట్లాడినవాళ్ళకి ఏమి గుర్తుంటుంది?

బెగిమాయ్ బజారు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ మీద పరుపు, పరుపు కింద టోపీ, గుమ్మంలో అత్తగారు వేలు పెదవుల మీద పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"మాట్లాడకు," అని పెదవులతోనే చెప్పి, ఊల్కాన్ ఆమెని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. "నిజం చెప్పు. నేనన్నవి ఎవరికి చెప్పావు? లేక అదే చెప్పిందా?"

"ఏవి అత్తయ్యా?"

"టీ చల్లారేలోగా పరువు తీసేది! దీవెనకి ముందు చెయ్యి పెట్టేది! గుర్రం!"

బెగిమాయ్ సంచులు కింద పెట్టి ఫోన్ తీసింది. బజారు గోలలో వినపడలేదు గాని నలభైమూడు మెసేజీలున్నాయి. పేజీ తెరిచింది. "స్వాగతం" అన్న అక్షరాల కింద, ఫలానా గుడారం, ఫలానా బల్ల అని ఉండాల్సిన చోట బాణం ములుకుల గుర్తులు, వాటి మధ్య ఆమె రాసిన స్క్రిప్టు, దాని పక్కన అత్తగారు చెప్పిన కారణాలు, మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట తగ్గకుండా ఉన్నాయి.

"అత్తయ్యా," అంది నెమ్మదిగా, "డబ్బా ప్లగ్గు ఎవరైనా తీశారా?"

"నేనెందుకు తీస్తాను?" ఊల్కాన్ విసురుగా అంది. "గ్రైండర్ పెట్టుకున్నాను, అంతే."

బెగిమాయ్ కళ్ళు మూసుకుంది. "స్క్రిప్టు కనిపిస్తే బయట పెట్టకు, నువ్వే పని చేసి ఫలితం ఇవ్వు అని ఆ సర్వరుకి ఒక మాట చెప్పి ఉంచాను. చెప్పానే గాని అందులో భద్రం చెయ్యలేదు. ప్లగ్గు తీసేసరికి మర్చిపోయింది. తెలియనిదాన్ని ఏం చేస్తుంది? ఉన్నదున్నట్టు అందరికీ పంపేసింది."

"అంటే అది వినలేదా?"

"దానికి చెవులే లేవు అత్తయ్యా."

"మరి నా మాటలు దాని లోపలికి ఎవరు పెట్టారు?"

"నేనే. మీరు చెబితే."

బెగిమాయ్ పరుపు, టోపీ తీసేసి, రెండు నిమిషాల్లో పేజీ సరిచేసింది. ఏం లాభం? అప్పటికే అందరూ పాత పేజీని ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టుకున్నారు. ఏ మాట ఎవరిదో తేల్చడానికి ఇద్దరు ఓట్లు కూడా పెట్టారు.

"పెద్ద వదిన గురించి ఏం రాసుంది? చదువు," అంది ఊల్కాన్, నీళ్ళు నమిలి.

బెగిమాయ్ నోరు తెరిచేలోగా గేటు ముందు కారు ఆగింది. ముందు కర్ర దిగింది, తర్వాత తెల్ల తలగుడ్డ, ఆ తర్వాత బాత్మా.

విందు ఎల్లుండి. ఆవిడ ఇవాళే వచ్చిందంటే విందుకి రానని మొహం మీద చెప్పడానికేనని అందరికీ అర్థమైంది. సగిన్‌బాయ్ టోపీ కోసం చూశాడు, దొరకలేదు, వట్టి తలతోనే ఎదురెళ్ళాడు. బెగిమాయ్ పరుగున రొట్టె తెచ్చి పట్టుకుంది. గడప దాటిన మనిషి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకోవాలి. బాత్మా రొట్టె వైపు చూడలేదు.

"ముందు ఇది, తర్వాత అది," అని జేబులోంచి ఫోన్ తీసి బెగిమాయ్ చేతిలో పెట్టింది. "నా మనవరాలు ఒకసారి చదివింది. దాని మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చదువు కోడలా. గట్టిగా."

బెగిమాయ్ అత్తగారి వైపు చూసింది. అత్తగారు నేల వైపు చూసింది.

"'వెన్నుపూస పడినావిడ,'" బెగిమాయ్ చదివింది. "'తోకెముక. ఇవ్వకపోతే ఇంకో నాలుగేళ్ళు మొహం ముడుచుకుంటుంది.'"

"ఊఁ. ఆపకు."

"'ముడుచుకోవడంలో తప్పు లేదు. ఆ రోజు పళ్ళేలు తారుమారు చేసింది నేనే. గుడారంలో కరెంటు పోయింది, తడుముకుంటూ ఇచ్చేశాను. మా ఆయనకి చెప్పే ధైర్యం లేక మాంసం కోసినవాళ్ళ మీదికి తోశాను. ఆయనకి ఏమీ తెలీదు. ఆవిడ ఈసారి రాకపోయినా ఆ ఎముక ఇంకెవరికీ పెట్టొద్దు. మూటకట్టి ఇంటికి పంపించాలి.'"

సగిన్‌బాయ్ భార్య వైపు చూశాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అంతసేపు ఆవిడని చూడటం అదే మొదలు. ఊల్కాన్ తలగుడ్డ చెంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.

"నాలుగేళ్ళు," అంది బాత్మా తమ్ముడితో. "నువ్వే కావాలని చేశావనుకున్నాన్రా."

"తెలుసక్కా," అన్నాడు సగిన్‌బాయ్.

"తెలిసీ నోరు విప్పలేదా?"

"నేను చెయ్యలేదంటే, మరి ఎవరు చేశారని అడుగుతావు కదా. కోసినవాళ్ళు తాము కాదన్నారు. ఎవరో నాకూ తెలీదు."

బాత్మా కర్రని గోడకి ఆనించి, వరండాలో వేసిన పరుపు మీద మెల్లగా కూర్చుంది. రొట్టె ముక్క తుంచింది. నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. కళ్ళు చిన్నవి చేసి ఊల్కాన్ వైపు చూసింది.

"ఇది నిజంగా పొరపాటున బయటికి వచ్చిందా? లేక నన్ను రప్పించడానికి అత్తాకోడళ్ళిద్దరూ కూడబలుక్కుని పెట్టారా?"

"అంత తెలివే ఉంటే వదినా," అంది ఊల్కాన్ ఏడవలేక నవ్వుతూ, "నీదొక్కటీ పెట్టి మిగతావి తీసేసేదాన్ని కదా! ఇప్పుడు చూడు, నువ్వొక్కదానివే వస్తావు. మిగతా యాభైతొమ్మిది మందీ రారు."

బాత్మాకి ఆ మాట సబబుగా తోచింది. రొట్టె నోట్లో వేసుకుంది.

అయితే ఊల్కాన్ లెక్క అక్కడ కూడా తప్పింది. సాయంత్రం గుడారాల కర్రలు లారీలో వేసుకుని తిలెక్ వచ్చేసరికి ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. మొదట కనిమ్‌బూ.

"మేం వస్తున్నాం అక్కా. రాకపోతే దీవెనకి ముందు చెయ్యి పెట్టేవాడు మా ఆయనే అని తేలిపోతుంది. వచ్చి, అందరి ఎదుటా, అందరికంటే ఆఖర్న మొదలుపెడతాడు. నువ్వు చూద్దువు గాని."

తర్వాత అసనాలి. "వదినా, నేనూ వస్తున్నాను. ఆ పందెం కళ్ళారా చూసిన ముసలాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళనీ తీసుకొస్తున్నాను. నా బల్ల మీద ఏ ఎముక పడుతుందో వాళ్ళూ చూస్తారు."

ఆ తర్వాత శనివారం వీలు కాదేమోనన్న ఇద్దరు, పిలవనివాళ్ళు పదిహేడు మంది. రానివాళ్ళ మీదే చెడ్డ మాటలన్నీ పడతాయని గ్రూపులో ఎవరో పెట్టారట. తిలెక్ కాగితం మీద గీతలు గీస్తూ పోయాడు. అరవై కాస్తా ఎనభై అయింది. ఎనభై మందీ పక్కవాడి పళ్ళెంలోకి చూడ్డానికే వస్తున్నారు.

"అమ్మా, కోసేది నేను," అన్నాడు తిలెక్ బెదురుగా. "ఏ ముక్క ఎవరికి పెట్టినా, అదెందుకు పెట్టానో అందరికీ చదివి వినిపించినట్టే. నన్ను ఆ ఎముకలతోనే కొడతారు."

"వరస మార్చి రాయమంటారా అత్తయ్యా?" అంది బెగిమాయ్. "ఈసారి కారణాలు రాయను."

"కారణం రాయకపోతే అనుమానం ఎక్కువవుతుంది," అంది బాత్మా టీ ఊదుకుంటూ. ఆవిడకి ఆ విషయంలో అనుభవం ఉంది.

రాత్రి భోజనాలకి అందరూ బల్ల చుట్టూ చేరాక, ఊల్కాన్ గిన్నెల్లో టీ పోసి, ఒక్కొక్కరికీ అందించి, తన చోట తను కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పెద్ద వదినకి తోకెముక," అంది చిన్నగా. "శనివారం ఈ ఇంట్లో వడ్డించే ఎముక అదొక్కటే. మిగతా మాంసమంతా ఎముకల్లోంచి ఒలిచి, చిన్న ముక్కలు చేసి, పెద్ద బాణలిలో పలావు వండుతున్నాం. అందరికీ అదే."

సగిన్‌బాయ్ చెంచా గిన్నెలో ఆగింది. ఆయన వంశంలో ఏ డెబ్భయ్యో పుట్టినరోజుకీ ఎవరూ పలావు పెట్టలేదు. తిలెక్ ఊపిరి పీల్చుకున్నాడు. బెగిమాయ్ ఫోన్ తీసి పేజీ మారుస్తోంది. బాత్మా ఒక్కర్తే తృప్తిగా తల పంకించింది.

పలావు పళ్ళెం ముందుగా ఎవరి బల్ల మీద పెడతారన్నది మాత్రం ఊల్కాన్ చెప్పలేదు, అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.